పెళ్లి వీడియో ఎడిటింగ్, గేమింగ్ ఒకే సిస్టంలో: ఏ పార్టుకు డబ్బు పెట్టాలి, ఏది వదిలేయాలి

ఎడిటింగ్ సిస్టం కట్టించుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఇంటెలా, రైజెనా?" అని. అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది. మీ కెమెరా ఏ రకం ఫైలు రాస్తోంది? సోనీ ఏ7 ఫోర్, ఎఫ్‌ఎక్స్3, కెనాన్ ఆర్6 మార్క్ 2 లాంటి కెమెరాల్లో లాగ్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా రికార్డు చేసే మోడ్) పెట్టి షూట్ చేసేవాళ్ల మెమరీ కార్డులో సాధారణంగా పడేది 4:2:2 10-బిట్ ఫైలు, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం. దాన్ని విప్పే ప్రత్యేకమైన సర్క్యూట్ సిస్టంలో ఎక్కడా లేకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. లక్షన్నర పోసి కట్టించినా మూడు కెమెరాల మల్టీక్యామ్ పెట్టి ప్లే నొక్కగానే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిప్పు తెరిచి మూడు వరుసలు చూడండి: ఫార్మాట్, క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్. ఫార్మాట్ దగ్గర ఏవీసీ అని ఉంటే హెచ్.264, హెచ్‌ఈవీసీ అని ఉంటే హెచ్.265. సబ్‌శాంప్లింగ్ దగ్గర 4:2:0 అని ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఫోన్లు, డ్రోన్లు ఎక్కువగా రాసేది అదే, ఈ మధ్య వచ్చిన ఏ గ్రాఫిక్స్ అయినా దాన్ని విప్పేస్తుంది. చిక్కంతా 4:2:2 తోనే.

హెచ్.265 4:2:2 ను ఇంటెల్ ప్రాసెసర్‌లోని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ తనలోని క్విక్ సింక్ అనే వీడియో సర్క్యూట్ ద్వారా విప్పుతుంది. డెస్క్‌టాప్‌లో 11వ తరం నుంచీ ఈ సౌకర్యం ఉంది. కానీ హెచ్.264 4:2:2 ను క్విక్ సింక్ విప్పదు. సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ పెట్టి షూట్ చేసినవాళ్ల ఫైళ్లు ఈ రెండో రకం. ఎన్విడియాలో 30, 40 సిరీస్ కార్డులు 4:2:2 ను అసలు ముట్టుకోవు. 2025లో వచ్చిన 50 సిరీస్ మాత్రం హెచ్.264, హెచ్.265 రెండింటిలోనూ విప్పుతుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌కు గానీ, అదే కంపెనీ గ్రాఫిక్స్ కార్డు రేడియాన్ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి గానీ ఈ పని చేతకాదు. ఆ కార్డు గేముల్లో ధరకు మించి ఇస్తుంది, 16 జీబీ మెమరీ కూడా ఉంది. అయినా 4:2:2 షూట్ చేసే ఎడిటర్‌కు దాన్ని సిఫార్సు చేయలేం.

ఇదంతా లెక్కలో పెట్టుకుని ఎంచిన సెట్ ఇది: ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కే ప్రాసెసర్, బీ860 బోర్డు, రెండు 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీది ఒకటి 2 టీబీది ఒకటి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు, 750 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై), ముందు జాలీ ఉన్న క్యాబినెట్.

265కేలో 8 పెద్ద కోర్లు, 12 చిన్న కోర్లు, మొత్తం 20 థ్రెడ్లు. హైపర్‌థ్రెడింగ్ లేదు. ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలికపాటి నకలు ఫైళ్లు) తయారు చేసుకోవడం, స్టెబిలైజ్ చేయడం, ఎఫెక్ట్స్ రెండర్ లాంటి పనుల్లో ఈ కోర్లు బాగా అక్కరకొస్తాయి. గేముల్లో మాత్రం ఇది మొనగాడు కాదు. అక్కడ రైజెన్ 7 9800ఎక్స్3డీ దీనికంటే ముందుంటుంది. దాంట్లో కోర్లు 8 మాత్రమే, కానీ 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది. 1080పీలో, పెద్ద కార్డుతో ఆడితే రెండింటి మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1440పీలో 5070తో ఆడితే ముందు అలిసిపోయేది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి పోటీ స్థాయిలో ఆడుతూ 240 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకునేవాళ్లయితే 9800ఎక్స్3డీ వైపే వెళ్లండి. 50 సిరీస్ కార్డు పక్కన ఉంటే 4:2:2 పని అదే చూసుకుంటుంది. కూడు పెట్టేది ఎడిటింగ్ అయితే, గేమ్ రాత్రిపూట సరదా అయితే, 265కే సరైనది. ఫైళ్లు విప్పే సర్క్యూట్లు, అంటే డీకోడర్లు, రెండు చేతిలో ఉంటాయి, హెచ్.265 ఫైళ్లయితే కార్డు రిపేరుకు వెళ్లిన రోజున కూడా టైమ్‌లైన్ నడుస్తుంది.

ఇంటెల్ తీసుకునేటప్పుడు పేరు చివర అక్షరం చూడకుండా డబ్బు కట్టొద్దు. 265కేఎఫ్ అన్నా 14600కేఎఫ్ అన్నా లోపల గ్రాఫిక్స్ లేనట్టే, అంటే క్విక్ సింక్ కూడా లేనట్టే. కొద్దిపాటి ధర తేడాకు కక్కుర్తి పడితే పోయేది ఇంటెల్ తీసుకోవడానికున్న అసలు కారణమే.

సెకండ్‌హ్యాండ్‌లో 13700కే, 14700కే తక్కువకు దొరుకుతున్నాయని చాలామంది అటు మొగ్గుతున్నారు. 13, 14 తరాల పెద్ద చిప్‌లలో అధిక వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతినే లోపం 2024లో బయటపడింది. ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, డబ్బా ప్రాసెసర్లకు వారంటీ మరో రెండేళ్లు పెంచింది. ఆ అప్‌డేట్ కొత్త నష్టాన్ని ఆపుతుందే గానీ అప్పటికే జరిగినదాన్ని బాగుచేయదు. పాత యజమాని బయోస్ అప్‌డేట్ చేయకుండా ఏడాదిన్నర రెండర్లు నడిపాడో లేదో మీకు తెలిసే దారి లేదు. అందుకే వద్దు.

ఇక 265కే కూర్చునే ఎల్‌జీఏ1851 సాకెట్ గురించి. ముందు ముందు ప్రాసెసర్ మాత్రమే మార్చుకుంటూ పోవాలనుకునేవాళ్లకు ఇది నిరాశే మిగులుస్తుంది. రైజెన్ కూర్చునే ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఆ ఒక్క విషయంలో రైజెన్‌కు మార్కులు పూర్తిగా ఇవ్వాలి.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర అసలు పోటీ 5070కి, 5060 టీఐ 16 జీబీకి మధ్యే. 5070లో కుడా కోర్లు 6144, మెమరీ వేగం సెకనుకు 672 జీబీ, కానీ మెమరీ 12 జీబీయే. 5060 టీఐలో కోర్లు 4608, వేగం 448 జీబీ, మెమరీ 16 జీబీ. రెండింటిలోనూ ఎన్‌కోడర్ (ఎక్స్‌పోర్ట్ ఫైలు తయారుచేసే సర్క్యూట్) ఒకటే, డీకోడర్ ఒకటే. కాబట్టి సాదా కట్లు, కలర్, టైటిల్స్‌తో అయిపోయే పెళ్లి ఫిల్మ్ ఎక్స్‌పోర్ట్‌లో పెద్ద తేడా ఆశించకండి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్, ఏఐ మాస్కులు, గేముల్లో రే ట్రేసింగ్ దగ్గర 5070 స్పష్టంగా ముందుంటుంది. రాత్రి బరాత్ ఫుటేజీ మొత్తానికి నాయిస్ రిడక్షన్ వేయాల్సిన చోట 5070కి అంత పెట్టినందుకు ఫలితం కనిపిస్తుంది. 6కే, 8కే ఫైళ్లతో పనిచేసేవాళ్లకు, ఒకే ఫ్రేము మీద ఎన్నో ఎఫెక్ట్స్ పేర్చేవాళ్లకు 12 జీబీ చాలక "జీపీయూ మెమరీ ఫుల్" అనే మెసేజ్ వస్తుంది. వాళ్లకు నెమ్మదైనా 5060 టీఐ 16 జీబీయే క్షేమం. జేబులో ఉంటే 5070 టీఐకి వెళ్లండి, అందులో మెమరీ 16 జీబీ, ఎన్‌కోడర్లు రెండు.

5060 టీఐలో 8 జీబీ రకం కూడా ఉంది. పేరు అదే, డబ్బా దాదాపు అలాగే ఉంటుంది. బిల్లు మీద "5060 టీఐ" అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, 16 జీబీ అని రాయించుకోండి. 1440పీలో టెక్స్‌చర్లు పెంచితే కొత్త గేములకు 8 జీబీ చాలడం లేదు. ఎడిటింగ్‌కైతే చెప్పనక్కర్లేదు.

ర్యామ్ ఎంత కావాలో ఊహించనక్కర్లేదు, లెక్క కట్టొచ్చు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రివ్యూలో ప్రతి ఫ్రేమునూ విప్పి ర్యామ్‌లో పెట్టుకుంటుంది. 4కే ఫ్రేములో 3840 ఇంటూ 2160 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు నాలుగు ఛానళ్లు, 16-బిట్‌లో ఛానల్‌కు 2 బైట్లు. గుణిస్తే ఒక్క ఫ్రేము దాదాపు 66 ఎంబీ. సెకనుకు 25 ఫ్రేములంటే 1.66 జీబీ. 32 జీబీ సిస్టంలో విండోస్, ఇతర సాఫ్ట్‌వేర్ పోను 20 జీబీ మిగిలిందనుకుంటే ప్రివ్యూ పట్టేది 12 సెకన్లే. 64లో 50 జీబీ మిగిలితే అరనిమిషం. ప్రీమియర్‌లో కట్లు, కలర్ వరకే ఆగేవాళ్లకు 32 సరిపోతుంది. ఇన్విటేషన్ వీడియోలు, మోషన్ గ్రాఫిక్స్ చేసేవాళ్లకు చాలదు. 2025 చివరి నెలల నుంచి డీడీఆర్5 ధరలు విపరీతంగా పెరిగాయి. 64 భారమనిపిస్తే 24 జీబీ స్టిక్కులు రెండు కలిపి 48 జీబీ కిట్లు కూడా ఉన్నాయి, మధ్యేమార్గంగా బాగుంటాయి.

ఎంత తీసుకున్నా రెండు స్టిక్కులుగానే తీసుకోండి. "16 చొప్పున నాలుగు పెడతాం, నాలుగు స్లాట్లూ నిండుగా ఉంటాయి" అని దుకాణంలో అంటే వద్దనండి. డీడీఆర్5లో నాలుగూ నింపితే మెమరీ కంట్రోలర్ వేగం పట్టుకోలేదు. ఏఎం5లో నాలుగు స్టిక్కులకు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3600 మాత్రమే. 6000 అని రాసి ఉన్న కిట్‌కు డబ్బు కట్టి 3600లో నడిపినట్టు. రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటు, నాలుగో స్లాటులో వెళ్లాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, ఏఎండీ అయితే ఎక్స్‌పో, ఆన్ చేయకపోతే ర్యామ్ తక్కువ వేగంలోనే ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే ఎంతలో నడుస్తోందో కనిపిస్తుంది. కట్టించి ఏడాదైన సిస్టంలో కూడా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఎస్‌ఎస్‌డీ దగ్గర డబ్బు ఎక్కువ వృథా అవుతోంది. 4కే 25 ఫ్రేముల సోనీ ఫైలు సెకనుకు 140 మెగాబిట్లు, అంటే 17.5 ఎంబీ. మూడు కెమెరాలు ఒకేసారి ప్లే చేసినా 53 ఎంబీ దాటదు. సెకనుకు 14,000 ఎంబీ చదివే జెన్5 ఎస్‌ఎస్‌డీ ఇక్కడ చేసేదేం లేదు, ఆగేది డీకోడర్ దగ్గర. జెన్4 చాలు. చూడాల్సింది వేగం కాదు, లోపలి ఫ్లాష్ టీఎల్‌సీనా (సెల్‌కు మూడు బిట్లు) క్యూఎల్‌సీనా (సెల్‌కు నాలుగు బిట్లు, రాయడంలో నెమ్మది) అన్నది. అదే 140 మెగాబిట్లలో గంటకు 63 జీబీ. మూడు కెమెరాలు ఆరేసి గంటలు తిప్పితే 1,134 జీబీ. ఈ ఫుటేజీని క్యూఎల్‌సీ ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయడం ఒకసారి గమనించండి. మొదట్లో గ్రాఫు ఎత్తున గీత గీసినట్టు నడుస్తుంది. క్యాష్, అంటే వేగంగా రాసుకునే తాత్కాలిక భాగం, నిండిన క్షణాన గీత నిట్టనిలువుగా కిందికి పడి, హార్డ్ డిస్కు వేగంలో, ఒక్కోసారి అంతకంటే తక్కువలో పాకుతుంది. డిస్కు నిండేకొద్దీ క్యాష్ కూడా చిన్నదవుతుంది కాబట్టి ఆ పతనం ఇంకా ముందే వస్తుంది. శాంసంగ్ 990 ప్రో, డబ్ల్యూడీ బ్లాక్ ఎస్‌ఎన్850ఎక్స్ టీఎల్‌సీ రకాలు, వాటిలో డీర్యామ్ కూడా ఉంది. క్రూషియల్ పీ3 ప్లస్ క్యూఎల్‌సీ. గేములు పెట్టుకోవడానికి అది చాలు, ఫుటేజీకి పనికిరాదు. విండోస్, సాఫ్ట్‌వేర్ 1 టీబీ దాంట్లో, నడుస్తున్న ప్రాజెక్టు, క్యాష్ ఫైళ్లు 2 టీబీ దాంట్లో పెట్టుకోండి. డెలివరీ ఇచ్చేసిన పెళ్లిళ్లకు హార్డ్ డిస్కు. అందులో సీఎంఆర్ రకం అడగండి. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో పెద్ద ఫోల్డర్లు రాస్తుంటే వేగం మధ్యలో కూలబడుతుంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేసేవాళ్లను చూస్తే బాధనిపిస్తుంది. మిగతా పార్టులన్నీ ప్రాణం పెట్టుకునేది దాని మీదే. 265కే గరిష్ఠంగా 250 వాట్లు, 5070 మరో 250, మిగతావన్నీ కలిపి 80 వరకు. మొత్తం 580. క్షణకాలం ఎగిసే కరెంటు వాడకాన్ని కూడా తట్టుకోవాలి కాబట్టి 750 వాట్లు సరైన కొలత. ఏటీఎక్స్ 3.1 ప్రమాణం, గోల్డ్ రేటింగ్, మాడ్యులర్ అయితే ఇంకా మంచిది. 5060 టీఐతో అయితే 650 చాలు.

5070 కార్డుల్లో ఎక్కువ వాటికి 16 పిన్నుల కనెక్టర్ వస్తుంది. కార్డుల దగ్గర కాలిపోయాయని వచ్చే ఫొటోల్లో కనిపించేది ఈ కనెక్టరే. పూర్తిగా లోపలికి పోకపోతే పిన్నులు కొద్దిపాటి లోహం మీద కరెంటంతా మోసి వేడెక్కి ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. పెట్టేటప్పుడు పక్క నుంచి టార్చి వేసి చూడండి, ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య గోరు దూరేంత సందు కూడా ఉండకూడదు. కనెక్టర్ నుంచి మూడున్నర సెంటీమీటర్ల దాకా కేబుల్ వంచకూడదు. క్యాబినెట్ అద్దం తలుపు ఆ కేబుల్‌ను నొక్కుతుంటే ఆ క్యాబినెట్ ఈ కార్డుకు ఇరుకన్నమాట.

మరో ప్రమాదం ఉంది. పాత మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు మంచిగానే ఉన్నాయని కొత్తదానికి తగిలించొద్దు. పార్టు వైపు కనెక్టర్ ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళితే హార్డ్ డిస్కులు ఆన్ చేసిన క్షణంలో పోతాయి, అందులోని పెళ్లిళ్లతో సహా.

కరెంటు విషయంలో ఇంకో మాట. దుకాణాల్లో దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. రెండర్ మధ్యలో కరెంటు పోతే అది కూడా చేతులెత్తేస్తుంది. కనీసం 600 వాట్లు అని రాసి ఉన్నది చూడండి, ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చే రకం) అయితే మేలు. ఇలాంటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్‌ల మెట్ల తరంగానికి మారే క్షణంలో ఆరిపోతాయి. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందంటే ఎస్‌ఎంపీఎస్ చెడిపోయిందని అనుకోకండి, ముందు గోడ సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్త్ లేకపోతే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి లీకయ్యే కరెంటు రేకు మీదే నిలుస్తుంది.

కూలర్‌కు రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు. డీప్‌కూల్ ఏకే620, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ రెండూ నమ్మదగ్గవి. వాటి ఎత్తు 160 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, క్యాబినెట్ అంత పడుతుందో లేదో స్పెసిఫికేషన్‌లో చూసుకోవాలి. ఏ కూలరూ గదికంటే చల్లగా చేయలేదు. మే నెల విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే, జనవరిలో 75 దగ్గర నడిచిన ప్రాసెసర్ 90 దాకా వెళ్లడం సహజమే. ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్ అందంగా ఉంటుంది, గాలి మాత్రం రాదు. జాలీ తీసుకుని నెలకోసారి దుమ్ము దులపండి.

బిగించే రోజున చూడాల్సినవి ఎన్నో లేవు. సాకెట్ పిన్నులు ఫొటో తీసుకోండి, వాటి మీద కప్పిన ప్లాస్టిక్ మూత పారేయకండి. బోర్డు వారంటీకి వెళ్లేటప్పుడు ఆ మూత అడుగుతారు, వంగిన పిన్నుకు వారంటీ ఇవ్వరు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉండి బోర్డు మీద డీర్యామ్ అనే లైటు వెలుగుతూ ఉంటుంది. కంగారుపడి స్విచ్చి ఆపొద్దు. డీడీఆర్5 తన టైమింగ్ తాను సరిచూసుకుంటోంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. పది నిమిషాలు దాటినా రాకపోతే అప్పుడు ఒక్క స్టిక్కుతో ప్రయత్నించండి. మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. ఆ తర్వాత బయోస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ అనేది ఎనేబుల్ చేయాలి, లేకపోతే కొన్ని బోర్డులు కార్డు కనపడగానే లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి, క్విక్ సింక్ పోతుంది. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు ఇంటెల్, ఎన్విడియా రెండు టిక్కులూ కనిపిస్తే అంతా సరిగ్గా కుదిరినట్టే. వాలొరెంట్ ఆడేవాళ్లు విండోస్ 11లో సెక్యూర్ బూట్, టీపీఎం ఆన్‌లో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో తిరిగి కొన్నా, మీ ఊళ్లోని దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా అమ్మేవాళ్లు ఎలాంటివాళ్లో కొటేషన్ కాగితమే చెబుతుంది. "ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ", "ర్యామ్ 64 జీబీ", "750 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" అని ఉంటే అది కొటేషన్ కాదు. ప్రతి వరుసలో కంపెనీ, మోడల్ నంబర్ పూర్తిగా ఉండాలి. జీఎస్టీ బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబర్ ఉండాలి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత సర్వీస్ సెంటర్‌లో మీ మాట కాదు, ఆ నంబరే పనిచేస్తుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే గ్రాఫిక్స్ కార్డు కొంత చౌకగా పడొచ్చు. కానీ ఆ మోడల్‌కు ఇండియాలో వారంటీ వర్తిస్తుందో లేదో కంపెనీకి మెయిల్ రాసి, జవాబు చేతికొచ్చాకే తెమ్మనండి.

సిస్టం ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే దాన్ని కష్టపెట్టండి. మీ పెద్ద ప్రాజెక్టు ఒకటి గంటసేపు ఎక్స్‌పోర్ట్ చేయండి, 300 జీబీ ఫుటేజీ ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయండి, ఒక రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. అందులో ఒక్క ఎర్రర్ కనపడినా ర్యామ్ మార్పించండి. ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ నడిపితే ఎర్రర్లు పోయినా సరే మార్పించండి, మీరు డబ్బు కట్టింది డబ్బా మీదున్న వేగానికి.